టూలెట్ దేవుడికో దండం

సింహాచలం అప్పన్నంతటి వాడినే గోగులపాటి కూర్మనాథ కవి శతకం రాసి మరీ దెప్పిపొడిచిన నేల మనది. నాకంత గుండె లేదు. పైగా ఇంకా ఇల్లు ఖాళీ చెయ్యలేదు. అందుకని బ్రోకరు గారూ, మిమ్మల్ని పొగుడుకుంటాను.

మీ దయ ఎంతని చెప్పను! విశాఖ జ్ఞానాపురం సందుల్లో ఎండన పడి తిరుగుతుంటే, గేటుకు కట్టిన టూలెట్ బోర్డు మీద ఓనరు నంబరు కనబడకుండా మీ స్టిక్కరు అంటించారు. ఆయనకు నా గోల, నాకు ఆయన గోల ఉండకూడదనేగా. ఓ అంచు లేచి, కింద రెండంకెలు కనబడ్డాయి. గోటితో గీకాను. మిగతా ఎనిమిదీ ఊడిరాలేదు. మంచి జిగురు.

ఇల్లు ఏడు నిమిషాల్లో చూపించేశారు. కిటికీ గట్టు మీద వేలు పెడితే పోర్టు బొగ్గు దుమ్ము నల్లగా అంటింది. "సముద్రపు గాలి మేస్టారూ, ఇంకెక్కడ దొరుకుద్ది" అన్నారు. ఆ గాలికి అద్దె పన్నెండు వేలు, మీ ఏడు నిమిషాలకు మరో పన్నెండు వేలు. రసీదు అడిగితే "మనలో మనకి రసీదేంటండీ" అని చుట్టరికం కలిపేశారు. నిజమే, నన్ను ఓ ఇంటివాణ్ణి చేసింది మీరేగా.

మిమ్మల్ని ఇంత స్వేచ్ఛగా ఉంచిన చట్టాలకూ ఓ నమస్కారం. 2016 నాటి రెరా చట్టం కింద ప్రాజెక్టులో ఫ్లాటు అమ్మిపెట్టే ఏజెంటు పేరు నమోదు చేయించుకోవాలి. లేకపోతే రోజుకు 10,000 రూపాయల జరిమానా. ఆ నిర్వచనంలో అమ్మకం ఉంది, అద్దె లేదు. పాపం ఆ అమ్మే ఏజెంటుకు ఆ తిప్పలన్నీ, మీకు స్కూటరొకటి చాలు. 2021లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం, ఇంటి అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదంది. అద్దె ఏజెంటును యజమాని తరఫు మేనేజరు కిందే లెక్కేసింది. ఎంత ముచ్చటైన ఏర్పాటు! మనిషేమో ఆయన తరఫు, ఫీజేమో నా తరఫు.

ఇంగ్లండు వాళ్లకు ఈ సంస్కారం తెలీదు. 2019 జూన్ 1 నుంచి అక్కడ కొత్తగా అద్దెకు దిగేవాడి దగ్గర ఏజెంటు ఫీజు అడగడానికి వీల్లేదు, అడిగితే తొలి తప్పుకు 5,000 పౌన్ల దాకా జరిమానా. ఏజెంటును పిలిచింది ఓనరు గనక ఓనరే ఇచ్చుకోవాలట. ఆ దేశంలో చుట్టరికాలు ఏం నిలుస్తాయి!

అద్దె ఒప్పందం ఏడాది దాటితేనే రిజిస్టరు చేయించాలంటూ, అగ్రిమెంటు పదకొండు నెలలకే రాయించారు. నా స్టాంపు ఖర్చు మీద కూడా మీకెంత శ్రద్ధ! ఇది పదకొండో నెల. నిన్న సాయంత్రం మీ ఫోనొచ్చింది.