అర్జీకి మోక్షం

“అందిన అర్జీలన్నీ గడువులోగా పరిష్కరించాం” అని ఏ జిల్లా అధికారి ప్రకటించినా నేను మారుమాట లేకుండా నమ్ముతాను. ఆయన అబద్ధమేమీ ఆడలేదు. పరిష్కారమైంది అర్జీ. అర్జీ పెట్టినవాడి వీధిలో మురుగు సంగతి ఆయన ఎత్తనే లేదు కదా!

ఈ విద్య లోతు తెలియాలంటే ఒక అర్జీ వెంట నడవాలి. ఒక ఊళ్లో సిమెంటు కాలువ కట్టకుండానే బిల్లు లేచిపోయిందనుకుందాం. బాధితుడు సోమవారం పొద్దున్నే బస్సెక్కి కలెక్టరేట్‌కు వస్తాడు. గేటు బయట చెట్టు కింద కూర్చున్నాయనకు డబ్బిచ్చి, ‘కలెక్టరు గారి దివ్య సముఖమునకు’ అని మొదలుపెట్టి రాయించుకుంటాడు. లైన్లో నిలబడతాడు. పెద్దసారు కాగితం అందుకుని, తల పంకించి, పక్క సారుకు ఇస్తారు. అది కంప్యూటర్లోకి ఎక్కుతుంది. రసీదు చేతికొస్తుంది. ఇక్కణ్ణుంచి అర్జీ ఒక్కో మెట్టూ దిగుతుంది: జిల్లా పంచాయతీ అధికారి, ఎంపీడీవో, చివరికి పంచాయతీ కార్యదర్శి. ఆ బిల్లు మీద సంతకం చేసింది ఆయనే. ఆయన తన మీద తానే నిష్పక్షపాతంగా విచారణ జరిపి, ‘క్షేత్రస్థాయిలో పరిశీలించగా అర్జీదారు ఆరోపణలో వాస్తవం లేదని తేలినది’ అని రాసి పైకి పంపుతారు. వచ్చిన దారినే కాగితం మెట్లెక్కుతుంది. అర్జీదారు ఫోన్ టింగుమంటుంది. మీ సమస్య పరిష్కరించబడింది!

ఈ సోమవారం అర్జీల తంతుకు పేర్లు పెట్టడంలో మాత్రం ఎవరూ లోటు చేయలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఒకప్పుడు ‘మీకోసం’ అన్నారు. 2019లో ‘స్పందన’ అన్నారు. 2023లో 1902 నంబరిచ్చి ‘జగనన్నకు చెబుదాం’ అన్నారు. 2024లో ‘ప్రజా సమస్యల పరిష్కార వేదిక’ అయింది. తెలంగాణ వాళ్లు ‘ప్రజావాణి’తోనే సరిపెట్టుకున్నారు, ఫ్లెక్సీ ఖర్చు కలిసొచ్చింది.

కిందివాళ్లను తిట్టి లాభం లేదు. సమీక్షలో పైవాళ్లు అడిగేది ఒకటే: పెండింగ్ ఎంత? గడువు దాటిస్తే మాట పడాలి. వట్టి కాగితంతో క్లోజ్ చేస్తే అర్జీదారు మళ్లీ సోమవారం వస్తాడు, కొత్త నంబరు పడుతుంది, దాన్నీ క్లోజ్ చేస్తారు. కట్టని కాలువ ఒకటే, పరిష్కారాలు మాత్రం రెండు. ప్రగతి అంటే ఇదే మరి.

అయితే అధికారి సొంత జేబుకు చిల్లు పెట్టే చట్టం ఒకటుంది, సమాచార హక్కు చట్టం 2005. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. కారణం లేకుండా ఎగ్గొడితే రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా. ఉమ్మడి రాష్ట్రంలో పెట్టిన నిబంధన ప్రకారం గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు ఫీజే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. అయిదు రూపాయలకు అంత బెదురంటే ఏ ప్రభుత్వానికైనా కష్టమే. చట్టం రద్దు చేస్తామంటే గొడవవుతుంది. జరిమానా వేసే కుర్చీ ఖాళీగా వదిలేస్తే చడీచప్పుడూ ఉండదు. తెలంగాణ సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా ఒక్క కమిషనరూ లేరు. మధ్యలో ప్రభుత్వం మారింది. ప్రతి విషయానికీ కొట్టుకునే రెండు పార్టీలూ ఈ ఒక్క ఖాళీని మాత్రం ఎంతో సఖ్యంగా కాపాడాయి.

అయినా చట్టంలో ఒక మెలిక ఇంకా మిగిలే ఉంది. సెక్షన్ 2(జె) కింద కాగితాలే కాదు, పనులను స్వయంగా తనిఖీ చేయవచ్చు, వాడిన సామగ్రి నమూనాను ధ్రువీకరించి ఇమ్మని కూడా అడగవచ్చు. ‘పరిష్కరించబడింది’ అన్న మెసేజ్ అందుకున్నవాళ్లు ఈసారి కలెక్టరేట్ బస్సెక్కడం మానేసి, పంచాయతీ కార్యాలయంలోనే ఒక దరఖాస్తు పెట్టాలి. విచారణకు ఎవరొచ్చారు, ఏ తేదీన వచ్చారు, కొలతల పుస్తకంలో ఏం రాశారు అని అడిగి, చివర్లో వినయంగా ఒక వాక్యం చేర్చాలి: ‘సదరు కాలువలో వాడిన కాంక్రీటు నమూనా ఒకటి ఇప్పించ ప్రార్థన.’ కట్టిన కాలువే అయితే చిన్న ముక్క తీసివ్వడానికి కార్యదర్శి గారికి పావుగంట కూడా పట్టదు.