ఉమ్మితే చాలు, రోగం దొరుకుతుంది

పొద్దున్నే పళ్లు తోముకోకముందు గ్లాసు నీళ్లలో ఉమ్మాలి. కాసేపు ఆగి చూడాలి. ఉమ్మి దారాల్లా కిందికి వేలాడినా, అడుక్కి దిగినా, నీళ్లు మసకబారినా ఒంట్లో ఈస్టు పెచ్చుపెరిగినట్టే! రాత్రంతా ఎండిన నోట్లో ఉమ్మి చిక్కబడుతుందనీ, చిక్కబడ్డది సాగుతుందనీ ఈ పరీక్ష కనిపెట్టిన మహానుభావులకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఈ వైభవానికి పునాది పడింది అమెరికాలో. అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లోని వైద్యుడు ఓరియన్ ట్రస్, అలసటకూ దిగులుకూ కాండిడా అల్బికాన్స్ అనే ఈస్టే మూలమని 1978లో రాశారు. టెనెసీ వైద్యుడు విలియం క్రూక్ 1983లో ‘ది ఈస్ట్ కనెక్షన్’ పుస్తకంతో ఆ మాటను ఊరూరా చేర్చారు. దాంతోపాటు ఓ ప్రశ్నావళి. నీరసంగా ఉంటోందా? తీపి తినాలనిపిస్తోందా? మతిమరుపా? చిరాకా? సంసారం ఈదుతున్న వాళ్లెవరైనా ఈ పరీక్షలో ఫస్టు క్లాసులో పాసవుతారు.

ఇక వైద్యం. తీపి బంద్, రొట్టె బంద్, పులిసినవన్నీ బంద్. క్యాప్సూళ్లు మాత్రం కొనాలి. తగ్గిందా, మందు మహిమ. తగ్గలేదా, పథ్యం తప్పారు. ముదిరిందా, ఇంకా మంచిది: ఈస్టు చస్తూ విషం కక్కుతోందట, దానికి ‘డై-ఆఫ్’ అని పేరు కూడా ఉంది. రోగి లేచి కూర్చున్నా, మంచాన పడ్డా గెలుపు సీసాదే.

ఈ సిద్ధాంతం వట్టి ఊహ, రుజువు లేదని అమెరికా అలర్జీ నిపుణుల అకాడమీ 1986లోనే తేల్చింది. ట్రస్ ఊళ్లోనే అలబామా విశ్వవిద్యాలయ వైద్యులు 42 మంది మహిళలకు ఈస్టును చంపే మందు నిస్టాటిన్‌నూ ఉత్తుత్తి మందునూ మార్చి మార్చి ఇచ్చి, 1990లో ఫలితాలు ప్రచురించారు. నిస్టాటిన్‌తో యోని ఇబ్బందులు తగ్గాయి. ఒళ్లంతా ఉన్న మిగతా బాధల విషయంలో అది ఉత్తుత్తి మందును మించలేదు. అదే ఏడాది ‘కాంట్రోల్’ అనే ఈస్టు మందు అమ్మిన నేచర్స్ వే కంపెనీ, ఆధారాల్లేని ప్రచారం మానతానని ప్రభుత్వానికి ఒప్పుకొని, పరిశోధనకు 30,000 డాలర్లు చెల్లించింది.

వ్యాపారం మాత్రం ఆగలేదు.

కాండిడా అబద్ధం కాదు. ఆరోగ్యంగా ఉన్న చాలామంది నోట్లో, పేగుల్లో అది గుట్టుగా కాపురం ఉంటుంది. యాంటీబయాటిక్స్ వాడినప్పుడో, షుగర్ అదుపు తప్పినప్పుడో, స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చి నోరు పుక్కిలించనప్పుడో విజృంభిస్తుంది. నోట్లో తెల్లటి పూత, ఆడవాళ్లలో దురద, పాలు విరిగినట్టు తెల్లబట్ట దాని గుర్తులు. ఐసీయూ రోగి రక్తంలోకి చేరితే ప్రాణాలే తీస్తుంది. వీటికి పరీక్షలున్నాయి, మందులున్నాయి. దురద మళ్లీ మళ్లీ వస్తుంటే డాక్టరు ముందు షుగర్ పరీక్ష చేయిస్తారు. చక్కెర మానమని గద్దించే ఈస్టు గురువులకు రక్తంలో చక్కెర ఎంతుందో అడగాలని తోచదు.

నీరసం సంగతీ అంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. వాళ్లకు కావాల్సింది హిమోగ్లోబిన్ పరీక్ష. కానీ ఐరన్ మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితం కదా, ఉచితంగా దొరికేదానికి ప్రశ్నావళి ఎవరు అచ్చేస్తారు?