‘కొంచెం’ అను పదమునకు టీక

మూలం: “పెదనాన్నగారూ, బడ్జెట్‌లో వెళ్తే కాంప్రమైజ్ అయిపోతారు. కొంచెం స్ట్రెచ్ చేసి మిడ్‌రేంజ్‌కి వెళ్ళిపోండి. ఫ్యూచర్ ప్రూఫ్!”

అవతారిక. మా మనవడికి ఇంజినీరింగులో సీటొచ్చింది, ల్యాప్‌టాపు కొనాలి. శనివారం పూట వాడపల్లిలో ఏడు వారాల మొక్కు జనంతో వీధి కిటకిటలాడుతుంటే మా అరుగు మీద కూచుని ఉన్నాను. అప్పుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే మా తోడల్లుడి కొడుకు ఫోనులో అనుగ్రహించిన వాక్యం ఇది. ఇందులో యతి లేదు, ప్రాస లేదు, ధీమా మాత్రం గణం తప్పకుండా పడింది. పైగా అక్షరం పొల్లుపోకుండా ఇదే మాట రాజమండ్రి షాపు కుర్రాడూ అన్నాడు, మా వీధి చివర సెల్‌ఫోన్లు బాగుచేసే అబ్బాయీ అన్నాడు. ఒకరినొకరు ఎరగని ముగ్గురి నోట ఒకే మంత్రం పలికిందంటే అది అపౌరుషేయమే అయి ఉండాలి. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పినవాణ్ణి, టీక రాయకుండా ఉండలేకపోయాను.

ప్రతిపదార్థం. సులభం. విద్యార్థులే రాసుకోవలెను.

సమాస విచారం. ‘బడ్జెట్ ల్యాప్‌టాప్’ అన్నది ఏ సమాసం? నా మతంలో పంచమీ తత్పురుషం. దొంగ వలన భయం దొంగభయం అయినట్టు, బడ్జెట్ వలన ల్యాప్‌టాప్ బడ్జెట్ ల్యాప్‌టాప్. కాని లోకం దీన్ని ‘నల్లకలువ’ లాగా విశేషణ పూర్వపద కర్మధారయం చేసేసింది. నల్లకలువలో నలుపు కలువదే, ఒప్పుకుంటాను. ఇక్కడ బడ్జెట్ ఎవరిది? నాది. నా రొంటిన డబ్బు తక్కువగా ఉంటే ఆ తక్కువతనం లేచిపోయి యంత్రం నెత్తిన కూచుందేమిటి? ఆ మాట పుట్టింది ఫ్రెంచిలో. అక్కడ ఒకప్పుడు దాన్ని బూజెత్ అనేవారు, చిన్న తోలుసంచి అని అర్థం. మా తాతగారు మొలలో దోపుకున్న వక్కాకు సంచికి దూరపు చుట్టం. సంచి పేరు పెట్టి సరుకును చిన్నచూపు చూడడం అలంకారశాస్త్రంలో ఎక్కడా లేదు.

ఇక ‘ల్యాప్‌టాప్’ అంటే ఒడి మీదది. ఒడి అన్నమాట మనకు కొత్త కాదు. అమ్మఒడి పథకంలో డబ్బు బదులు 9 నుంచి 12 తరగతుల పిల్లలు ల్యాప్‌టాపు కోరుకోవచ్చని 2021లో ప్రభుత్వం అన్నప్పుడు, ఒడికీ ఒడికీ కుదిరిన ఈ యమకం చూసి నేను మురిసిపోయాను. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబులొచ్చాయి. ఒడి పోయి అరచేయి మిగిలింది.

మిడ్‌రేంజ్. మధ్య అనేదానికి అటొకటి, ఇటొకటి ఉండాలి. మేము మధ్య డెల్టావాళ్ళం. ఇటు గౌతమి, అటు వసిష్ఠ. రెంటికీ నడుమ ఉన్నది కోనసీమ. ఈ మధ్యను కొలిచి చూపించవచ్చు, గట్టు మీద నిలబడి వేలెత్తి చూపవచ్చు. షాపువాడి మధ్యకు గట్టులేవి? దసరా ఆఫరుకు ఒక మధ్య, సంక్రాంతికి ఇంకో మధ్య. పై గట్టు ఎక్కడని అడిగితే “లక్షన్నరకి కూడా ఉన్నాయండి” అన్నాడు. ఏటి అవతలి ఒడ్డు నడుచుకుంటూ పోయే నదిని నేను గోదావరి జిల్లాల్లో చూడలేదు.

ఆ కుర్రాడు మధ్యరకం దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి “ఎంత స్లిమ్ముగా ఉందో చూడండి” అన్నాడు. ఆత్రేయపురం మండలంవాడితో అనదగిన మాటేనా ఇది? సన్నదనం మా ఊళ్ళ సొత్తు. పూతరేకు చేసేచోట ఎప్పుడైనా పీట వేసుకుని కూచున్నారా? కుండను బోర్లించి, కింద ఎండు కొబ్బరాకు మంట. గంధంలా రుబ్బిన బియ్యప్పిండి నీళ్ళలా పలచగా ఉంటుంది. అందులో పల్చటి గుడ్డ ముంచి కుండ వీపు మీద ఒక్క ఈడ్పు ఈడుస్తుంది ఆవిడ. ఈడ్చిందని మనం అనుకునేలోపే రేకు అంచు లేస్తుంది. లేచిన అంచును పట్టి, చిరగకుండా, ఊపిరి తగలకుండా తీసి పక్కన పేరుస్తుంది. మంట ఒక్క ఆకు ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే అంటుకుంటుంది. గుడ్డ ఆగితే దళసరి, జారితే చిల్లు. ఆవిడ మనతో కబుర్లు చెబుతూనే ఉంటుంది, వచ్చేపోయే వాళ్ళను పలకరిస్తూనే ఉంటుంది, కుండ వైపు చూస్తున్నట్టే ఉండదు. తర్వాత తడిగుడ్డ మీద రేకు పరిచి, నెయ్యి రాసి, పంచదారో బెల్లమో చల్లి, మడత మీద మడత వేస్తుంది. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివినప్పుడు, ఆ కుండ వీపుకు వచ్చిందనుకున్నాను నేను. ఇందులోనూ చవకది, ఖరీదైనది ఉన్నాయి. చవకదానిలో పంచదార, డాల్డా. పైదానిలో బెల్లం, ఆవునెయ్యి, జీడిపప్పు. కాని రేకు ఒక్కటే! ఆవిడ ఎవరికీ ‘బడ్జెట్ రేకు’ తీయదు. లోపల ఏముందో మీరు మడత విప్పి చూసుకోవచ్చు, పంచదార చాలకపోతే ఇంటికెళ్ళి ఇంకాస్త చల్లుకోవచ్చు.

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ కొలిచెలమ మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేసుకున్నాడు. ఆయన మెదకు సీమవాడు, పూతరేకు తిని ఉండడు. నాకా ప్రతిజ్ఞ లేదు. అయినా విషయానికే వస్తున్నాను. విప్పి చూసుకోవడం, ఇంకాస్త చల్లుకోవడం అన్నాను కదా, ఆ స్లిమ్ము సరుకులో చాలావాటికి అదే లేదు. ర్యామును బోర్డుకు అతికించేస్తారు. ఎనిమిది జీబీతో కొంటే చచ్చేదాకా ఎనిమిదే. లావుపాటి చవకదానికి అడుగున మరలు విప్పితే, చాలాసార్లు, ఒక ఖాళీ గాడి కనిపిస్తుంది. అందులో ఇంకో ఎనిమిది పెట్టుకోవచ్చు. ఈ సంగతి షాపులో ఎవరూ చెప్పలేదు. సన్నదనం అన్నచోట పూతరేకు తలచుకుని అడిగితే తెలిసింది.

అనుబంధ నిర్ణయం. పాణిని కొన్ని మాటలకు తోక అక్షరాలు తగిలిస్తాడు. వాటిని ఇత్తులంటారు. పలకవు, కాని పని చేస్తాయి. ప్రాసెసర్లకూ అంతే. ఐ3, ఐ5 అని షాపులో పెద్దగా పలుకుతారు. ఆ తర్వాతి అంకెల్లో తరం ఉంటుంది, చివర యు అనో హెచ్ అనో ఒక ఇత్తు ఉంటుంది. యు అంటే కరెంటు పొదుపు, హెచ్ అంటే జోరు. కౌంటరు దగ్గర ఇత్తుకు లోపం వచ్చేస్తుంది, తరమూ మాయమవుతుంది. ఏడో తరపు ఐ5 7200యుకి కోర్లు రెండు. పన్నెండో తరపు ఐ3 1215యుకి ఆరు. అయినా మా తోడల్లుడి కొడుకు “ఐ3 వద్దే వద్దు పెదనాన్నగారూ” అన్నాడు. గోత్రం చెప్పి ప్రవర మింగేసినట్టుంది.

డబ్బా మీద ‘అప్ టు 10 అవర్స్’ అని ఉంది. సంస్కృతంలో హద్దు చెప్పేటప్పుడు ఆఙ్ అనే ముక్కకు రెండర్థాలు. హద్దును వదిలి అక్కడిదాకా అంటే మర్యాద, హద్దుతో కలిపి అంటే అభివిధి. ఈ ‘అప్ టు’ ఏ అర్థంలోదని అడిగాను. “వాడకాన్ని బట్టండి” అన్నాడు కుర్రాడు. వైయాకరణులకు తట్టని మూడో అర్థం.

ఫ్యూచర్ ప్రూఫ్. భవిష్యత్తు తడిసిపోకుండా గొడుగు అని భావం కాబోలు. 2017లో ఏడో తరం కొన్నవాళ్ళకూ ఈ గొడుగే అమ్మారు. 2021 అక్టోబరులో విండోస్ 11 వచ్చింది. దాని జాబితాలో ఏడో తరానికి, కొద్ది మినహాయింపులు తప్ప, చోటు లేదు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మామూలు మద్దతూ ఆగిపోయింది. చవకగా కొన్నవాడూ ఖరీదుగా కొన్నవాడూ ఒకే రోజున వీధిన పడ్డారు. గోదావరికి అడ్డుకట్ట వేసిన కాటను దొర కూడా తన ఆనకట్టను ఫ్యూచర్ ప్రూఫ్ అన్నట్టు నేను చదవలేదు. 1852లో పూర్తయిన కట్ట అది, నూరేళ్ళు దాటి నిలిచింది.

కొంచెం. శబ్దరత్నాకరం చూడనక్కర్లేదు, అందరికీ తెలిసిన మాటే. తెలియనిది దాని పరిమాణం. చవకది 36,990. “ఇంకో నాలుగు వేలు వేసుకుంటే స్క్రీను బావుంటుందండి.” వేసుకున్నాం, ఊహలో. “ఇంకో అయిదు వేసుకుంటే బాడీ మెటలొస్తుంది.” ప్రతి మెట్టూ కొంచెమే. అలా ఎక్కీ ఎక్కీ 62,990 దగ్గర ఆగాం. రెండు కొసల మధ్య 26,000. అందులోనూ పద్దెనిమిది శాతం జీఎస్టీ ఉందని ఆఖరున తెలిసింది. మా అల్లుడిది ఎకరంన్నర కొబ్బరి. దింపు తీయించి, ఒలిపించి, లారీకెత్తాక అతని చేతిలో మిగిలేదాన్ని కొంచెం అంటారు. 26,000ని అనరు. స్ట్రెచ్ చేయమన్నవాడు సాగేది రబ్బరు అనుకున్నాడు. ఇక్కడ సాగాల్సింది మనిషి.

ఇంకొక దోషం. ఈ వాక్యంలో కర్త నేను, వెళ్ళాల్సిన చోటు మిడ్‌రేంజ్. చతుర్థి ఎక్కడ? కొరకున్, కై. ఎవరికై? ముగ్గురు ఋషుల్లో ఒక్కరూ ఆ విభక్తి వాడలేదు. నేనూ వాడలేదు, షాపు దాకా వచ్చినా. మనవడు కౌంటరు చివర నిలబడి చవకదాని మీటలు ఒకటొకటే, చప్పుడు రాకుండా, నొక్కి చూస్తున్నాడు.

“నీకు దేనికిరా ఇది?” అన్నాను.

“ఫస్టియర్‌లో సీ, పైథాను తాతయ్యా. ఏదైనా చాలన్నారు సీనియర్లు. అడిగితే చెబుదామనుకున్నా.”

అడుగున మరలు విప్పించి, గాడి ఖాళీగా ఉందని కళ్ళారా చూసి, 36,990దే తీసుకున్నాం. వీధి అరుగు మీద మధ్యాహ్నప్పూట దాని తెర సరిగా కనపడదని, లోపలికెళ్ళి కూచోవాలని ఇప్పుడు తెలుస్తోంది. ఆ నాలుగు వేల మాట ఒక్కటీ నిజమే.

డబ్బు కట్టాక కుర్రాడు బల్ల కిందనుంచి నల్లటి సంచి ఒకటి తీసి ల్యాప్‌టాపును అందులో దూర్చాడు.

“బ్యాగు ఫ్రీ అండి.”

బూజెత్ అంటే ఏమిటో అతనికి చెప్పబోయాను. అప్పటికే వెనక నిలబడ్డ తండ్రీకూతుళ్ళ వైపు తిరిగి, “మీ బడ్జెట్ ఎంతండీ?” అంటున్నాడు.