‘ఒక్కటే తింట’: టీకా తాత్పర్య సహితం

మూలం:
“భాయ్, దో చాయ్. ఉస్మానియా ప్లేట్ పెట్టు. నేను ఒక్కటే తింట.”

అవతారిక: హైదరాబాదు ఇరానీ హోటల్లో, ఆఫీసు వదలడానికి ఇంకా టైముండగానే ఆఫీసు వదిలిన ఒక ఉద్యోగి, తన మిత్రుడు వింటుండగా సర్వర్‌తో అన్న మాట ఇది. కవి ఎవరో తెలియదు. రోజూ ఎందరో దీన్ని అక్షరం పొల్లుపోకుండా స్వతంత్రంగా రచిస్తున్నారు కాబట్టి కర్తృత్వ వివాదానికి తావు లేదు. ఛందస్సు కోసం గణవిభజన చేసి చూశాం. ఏ వృత్తానికీ లొంగలేదు. ఆకలి మీదున్నవాడికి యతిమైత్రి పట్టదు.

స్థల నిర్ణయం: ఇరాన్ నుంచి బొంబాయి, పుణేల మీదుగా వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు పెట్టిన ఈ హోటళ్లు చాలావరకు వీధి మూలల్లోనే కనిపిస్తాయి. మూల బిట్టుకు దోషం ఉంటుందని, వీధిపోటని మనవాళ్లు జంకితే, అవి వాళ్లకు చవగ్గా దొరికాయని చెబుతారు. వాస్తు మనకు మిగిలింది, గల్లాపెట్టె వాళ్లకు నిండింది.

ప్రతిపదార్థం: భాయ్ = ఓ అన్నా; దో = రెండు; చాయ్ = ఇరానీ తేనీరు; ఉస్మానియా ప్లేట్ = ఉస్మానియా బిస్కెట్లు పేర్చిన పళ్లేన్ని; పెట్టు = మా ఇద్దరి మధ్యా ఉంచుము; నేను = షుగర్ రిపోర్టు జేబులో ఉన్నవాడను; ఒక్కటే = (టీకలో చూడుడు); తింట = తినెదను.

టీక: భాయ్ – సంబోధన. పిలిచేవాడికి యాభై దాటుతాయి, పలికేవాడికి పాతిక ఉండవు. అయినా భాయే. ఒకే వాక్యంలో ఉర్దూ సంఖ్య, ఇంగ్లీషు పళ్లెం, తెలుగు క్రియ ఉండటం సంకర దోషమని లాక్షణికులు అనవచ్చు. ఈ ఊళ్లో ఇంతకంటే శుద్ధమైన వాక్యం దొరకదు.

దో చాయ్ – ఇంట్లో టీలాగా అన్నీ ఒకే గిన్నెలో పడేసి మరిగించింది కాదు. డికాక్షన్ ఒక పెద్ద గిన్నెలో, మూత అంచున మైదా ముద్ద మెత్తో గుడ్డ చుట్టో, ఆవిరి బయటికి పోకుండా సన్నసెగ మీద మగ్గుతుంది. బిర్యానీకి చేసే దమ్ మర్యాదే దీనికీ జరుగుతుంది. పాలు వేరే పొయ్యి మీద గంటల తరబడి కాగి చిక్కబడతాయి. కప్పులోకి వచ్చేదాకా వీటికి ముఖపరిచయం ఉండదు. అల్లం వెయ్యరు. అడిగితే సర్వర్ చూసే చూపు మీరు భరించలేరు.

పాఠాంతరాలు: కొన్ని ప్రతుల్లో ‘దో పౌనా’ అని ఉంది. పాల చిక్కదనం మీద మోజున్నవారి పాఠమిది. ‘వన్ బై టూ’ అనేది విద్యార్థుల ప్రతుల్లో కనిపిస్తుంది. నెలాఖరు ప్రతుల్లో ఉద్యోగులకూ అదే గతి. ‘ఉస్మానియా’కు బదులు ‘దిల్‌పసంద్’ అని చదివేవారూ ఉన్నారు. కొబ్బరి, టూటీ ఫ్రూటీ కూరిన ఆ గుండ్రటి రొట్టె రుచిలో ఎవరికీ తీసిపోదు కానీ, దాన్ని ముక్కలుగా కోసి ఇస్తారు. ముక్క తిన్నవాడు ఎన్ని తిన్నట్టు? మూలంలోని ‘ఒక్కటే’ అక్కడ అన్వయం చెడుతుంది. అందుచేత ఆ పాఠం గ్రాహ్యం కాదు.

ఉస్మానియా – 1911 నుంచి 1948 దాకా ఏలిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద వెలసినది. ఉత్పత్తి విషయంలో రెండు పురాణాలున్నాయి. ఉస్మానియా ఆస్పత్రిలో రోగులకు బలానికని చేయించారని ఒకటి, నిజాం నాలుకకు నచ్చేలా తయారైందని రెండోది. రోగి, రాజు ఒకే బిస్కెట్ తిన్నారంటే మాకు రెండు కథలూ సమ్మతమే.

దీన్ని కాస్త దగ్గరగా చూడాలి. నడుమ తేనెరంగులో కాలి, అంచుల దగ్గర పాలిపోయి ఉంటుంది. కొరికితే మొదట తీపి తగులుతుంది, మింగేవేళకి ఉప్పు తేలుతుంది. తీపి బిస్కెట్టయితే రెండోదానికి నాలుక మొద్దుబారుతుంది. ఇక్కడ చివర మిగిలిన ఉప్పు తియ్యటి చాయ్‌ని పిలుస్తుంది, చాయ్ గుక్క మళ్లీ ఉప్పుని పిలుస్తుంది. వక్త పతనానికి కారణం బలహీన మనస్సు కాదు, మైదాలో పడ్డ ఆ చిటికెడు ఉప్పు.

పెట్టు – ఈ వాక్యానికి ప్రాణం ఈ క్రియే. ‘ఇవ్వు’ అనలేదు, ‘రెండు తే’ అనలేదు. పాత ఇరానీ హోటల్ సంప్రదాయంలో అడిగినన్ని లెక్కపెట్టి తేరు. నిండు ప్లేటు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లిపోతారు. ఉల్లిపాయ పెట్టిన చిన్న సమోసాలకూ ఇదే పద్ధతి. తిన్నన్నిటికే డబ్బు. లేచేటప్పుడు సర్వర్ ప్లేటు వంక ఓ చూపు చూసి గల్లా వైపు కేక వేస్తాడు, బిల్లు ఆ కేకలోనే ఉంటుంది. మిగిలినవి పక్క బల్లకి వెళ్తాయి. శుచి గురించి ప్రశ్నలున్నవారు ఈ భాగం దాటవేయగలరు.

పూర్వపక్షం: స్టార్ హోటళ్లలో మూడంతస్తుల స్టాండు మీద కేకులు, స్కోన్లు, వేలెడు శాండ్‌విచ్‌లు వస్తాయి కదా, సాయంకాలపు టీ వైభవమంటే అది కాదా? కాదు. అక్కడ ధర ముందే నిర్ణయమైపోతుంది. ఆ తర్వాత తినేదంతా పెట్టిన డబ్బు రాబట్టుకోవడమే. ఇక్కడ ముందు తినడం, తర్వాత లెక్క. బెడ్‌ఫోర్డ్ డచెస్ అన్నా 1840ల ఇంగ్లండులో మధ్యాహ్న భోజనానికీ రాత్రి భోజనానికీ నడుమ నీరసపడి టీ, తినుబండారాలు తెప్పించుకుని ఈ ఆచారం మొదలుపెట్టిందంటారు. ఆమెకు బిల్లు ఎవరు వేశారో ఏ గ్రంథమూ చెప్పదు.

ఇంకో పూర్వపక్షం: అమెరికా వెళ్లే సూట్‌కేసుల్లో అర కిలో ఉస్మానియా డబ్బా ఎక్కుతోంది కదా, హోటల్‌కే వెళ్లాలా? 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర వెలసిన కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్లూ ఆ సూట్‌కేసుల్లోనే వెళ్తాయి, మాకు వాటిమీద గౌరవమే. కానీ డబ్బాను చూసి కేక వేసేవాడెవడు? పైగా ఇప్పుడు చాలాచోట్ల ముందు టోకెన్, తర్వాత చాయ్, అదీ నిలబడి. అక్కడ ‘పెట్టు’ అన్న క్రియ చెల్లదు, పెట్టడానికి బల్లే లేదు.

నేను ఒక్కటే – చివరి ‘ఏ’ అవధారణార్థకం. తక్కిన బిస్కెట్లన్నిటినీ తోసిపుచ్చుతుంది. వ్యాకరణంలో అంతే, ప్లేటులో కాదు. వక్త మొదట సగం విరుస్తాడు. విరిచినది బిస్కెట్టు కాదని అతని నమ్మకం. ముంచిన సగం ఒక క్షణం ఎక్కువైతే కప్పులోకి జారిపోతుంది. జారింది తిన్నదాని కింద రాదు కాబట్టి ఇంకొకటి అందుకుంటాడు. ఇంతకూ ఈ మాట సర్వర్‌కి చెప్పినట్టున్నా, చెవిన పడాల్సింది మిత్రుడికి. సర్వర్ విన్నా పట్టించుకోడు, ఎప్పటిలాగే నిండుగా పేర్చుకొస్తాడు. ఆకలిని దాచి నిగ్రహాన్ని పైకి చూపడం వల్ల అపహ్నుతి అలంకారం.

తింట – భవిష్యదర్థం. ఈ పదం పలికేవేళకి చెయ్యి ప్లేటు మీదే ఉందని ప్రత్యక్ష సాక్షులు.

తాత్పర్యం: ‘ఓ అన్నా! మా ఇద్దరికీ చాయ్ తీసుకురా. బిస్కెట్లు బల్ల మీద ఉంచు, ఎన్నని అడగకు. ఇంట్లోనూ డాక్టరు దగ్గరా నేనిచ్చిన మాట ఈ పక్కనున్నవాడికి తెలుసు. కనుక అతను వినేలా ఒక సంఖ్య చెబుతున్నాను. నువ్వు మాత్రం ప్లేటు చూసే లెక్క వెయ్యి’ అని వక్త పలికెను.

తరువాతి వాక్యం మిత్రుడిది: “భాయ్, ఔర్ దో చాయ్.” దాని టీక వచ్చే ఆశ్వాసంలో. ప్లేటు ఇంకా తియ్యలేదు.