సిఫార్స్ పవర్

కోనసీమలో వంకర లేని రోడ్డూ, ఎటకారం లేని మనిషీ వెతికినా దొరకవు. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి కాలువలు తవ్వించాడు. నీళ్ళు వాటి దారిన అవి పోయాయి. తరవాత వచ్చినవాళ్ళు ఆ కాలువ గట్ల మీదే తారు పోశారు. దాంతో కాలువ ఎటు మొగ్గితే రోడ్డూ అటే మొగ్గింది. నాలుగు కొబ్బరిచెట్లు దాటేసరికి మలుపు, మలుపులో కల్వర్టు, కల్వర్టు గోడ మీద కూర్చుని లోకానికి తీర్పులు చెప్పే నలుగురు పెద్దలు. ఇలాంటి నేల మీద పుట్టిన కుర్రాళ్ళకి అమెరికా మజిల్ కార్ల మీద మనసు పోవడం దేవుడి ఎటకారం కాక మరేమిటి?

ఎందుకంటే ఆ కార్లకి మలుపు తిరగడం పెద్దగా చేతకాదు. వాటి పుట్టుకే అలాంటిది. 1964 నాటికి జనరల్ మోటార్స్ కంపెనీలో ఒక ఇంటి కట్టుబాటు ఉండేది: మధ్యరకం కారులో 330 ఘనపుటంగుళాలు మించిన ఇంజిను పెట్టకూడదు. పాంటియాక్ విభాగంలో జాన్ డెలోరియన్ బృందం 389 ఘనపుటంగుళాల ఇంజిన్ని, అంటే మన లెక్కలో సుమారు 6.4 లీటర్ల దాన్ని, టెంపెస్ట్ అనే బుద్ధిమంతురాలి కడుపులో కూరేసింది. కట్టుబాటు మాటేమిటని అడిగితే, "ఇది కొత్త మోడల్ కాదండీ, కొనేవాళ్ళు కోరుకుంటే వేసే అదనపు సామగ్రి" అని కాగితాల మీద చూపించింది. మూడొందల డాలర్ల లోపు అదనపు సామగ్రి! దాని పేరే జీటీఓ. ఎస్టిమేటు దాటిన బిల్లుని 'అదనపు పని' పద్దులో పాస్ చేయించుకునే మన కాంట్రాక్టర్లు ఎవరూ డెట్రాయిట్ వెళ్ళి చదువుకోలేదు గానీ, గోత్రం మాత్రం ఒకటే.

అదే ఏడాది ఏప్రిల్ 17న ఫోర్డ్ వాళ్ళ మస్టాంగ్ దిగింది. ధర 2,368 డాలర్ల దగ్గర మొదలు. ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రాళ్ళు వాయిదాల మీద కొనుక్కోగలిగేంత. తొలి ఏడాదిలోనే 4 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. దొరబాబుల సరదాని జీతగాడి గుమ్మంలోకి తెచ్చింది కాబట్టే ఆ కార్లంటే అక్కడి జనానికి అంత మమకారం. ఈ సంగతి మనవాళ్ళు చెప్పుకోరు. 2016లో అదే మస్టాంగ్ మన దేశానికొచ్చినప్పుడు ధర 65 లక్షలు. అక్కడ గుమాస్తా కారు, ఇక్కడ రొయ్యల చెరువుల ఆసామి కారు అయిపోయింది.

ఇక పందెం. డెట్రాయిట్‌లో వుడ్‌వర్డ్ అవెన్యూ అనే దారి ఉంది. వెడల్పుగా, బారుగా ఉంటుంది. అరవైల్లో రాత్రిపూట అక్కడ సిగ్నల్ దగ్గర రెండు కార్లు పక్కపక్కన ఆగేవి. డ్రైవర్లు ఒకరినొకరు ఓరగా చూసుకునేవారు. పచ్చదీపం వెలగ్గానే తరవాతి సిగ్నల్ దాకా దౌడు. ఆ ఊళ్ళోనే గాడ్‌ఫ్రీ క్వాల్స్ అని ఒకాయన, నల్లటి 1970 డాడ్జ్ చాలెంజర్‌లో వచ్చి, అందర్నీ ఓడించి, పేరూ ఊరూ చెప్పకుండా చీకట్లో కలిసిపోయేవాడు. జనం ఆ కారుకి 'బ్లాక్ గోస్ట్' అని పేరు పెట్టుకున్నారు. ఎవరయ్యా ఈ దెయ్యం అని ఆరా తీస్తే, పగలు అదే నగరంలో ఉద్యోగం చేసుకునే పోలీసు. ఆయన పోయాక, 2023లో ఆ కారు వేలంలో పది లక్షల డాలర్లు దాటింది. ఈ కథ మావైపు కుర్రాళ్ళకి చెప్పకండి. పోలీసుల మీద కొత్తగా ఆశలు పెట్టుకుంటారు.

మరి కోనసీమలో వుడ్‌వర్డ్ అవెన్యూ ఎక్కడుంది? మన దగ్గర బారుగా ఉండేవి వంతెనలే. వైనతేయ మీద బోడసకుర్రు వంతెన, వశిష్ఠ మీద చించినాడ వంతెన, గౌతమి మీద యానాం పక్కన యెదుర్లంక వంతెన. ఇవి లేనప్పుడు పంటు ఎక్కి ఏరు దాటేవాళ్ళం. పంటు అవతలి ఒడ్డున ఉంటే, అది వచ్చేదాకా రేవులో పడిగాపులు. కోటిపల్లి రేవులో ఇప్పటికీ అంతే. పురిటి నొప్పులతో ఉన్న ఆడకూతుర్ని కాకినాడ ఆసుపత్రికి చేర్చాలంటే ఏరు దారివ్వాలి. అందుకని అర్జీలు పెట్టి, ధర్నాలు చేసి, శంకుస్థాపనల మీద శంకుస్థాపనలు చూసి, చివరికి వంతెనలు సాధించుకున్నాం. తీరా ఇప్పుడు సాయంత్రమయ్యేసరికి ఆ వంతెన కుర్రాళ్ళ క్వార్టర్ మైలు. అమెరికా పందేల దూరం అది, అంటే 402 మీటర్లు. మన లెక్కలో, ఈ చివర కొబ్బరి బొండాల బండి నుంచి ఆ చివర మొక్కజొన్న కంకుల బండి దాకా.

బళ్ళు రెండు, కుర్రాళ్ళు ఆరుగురు. ఒకడి చేతిలో ఫోను, రీలు తియ్యడానికి. ఓడినవాడు బిర్యానీ పెట్టాలి. "పందెం కాదండీ, ఫ్రెండ్లీ రేసు, ఆయ్," అంటారు. ఎంత మర్యాద! మావాళ్ళు గుద్దేసినా 'ఏవండీ' అనే గుద్దుతారు.

సరే, ఈ స్నేహబృందంలో ఎవరెవరున్నారో చూద్దాం. బండి మీద ఉన్నవాళ్ళు సరే. ఎదురుగా పన్నెండుమంది పిల్లల్ని కుక్కుకుని వస్తున్న స్కూలు ఆటో ఉంది. అంబాజీపేటలో పొద్దుటి నుంచీ కాయలు ఒలిచి, చేతులు తిమ్మిరెక్కి, లైటు లేని సైకిలు మీద ఇంటికి పోతున్న ఒలుపు కూలీ ఉన్నాడు. సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసుకుని, మిగతా సగం మీద మంచం వేసుకున్న రైతు ఉన్నాడు. (ఆయన్ని వెనకేసుకు రావడం లేదు, ఆయన సంగతి ఇంకోసారి.) ఒక గేదె కూడా ఉంది. తాము పోటీలో ఉన్నామని వీళ్ళలో ఎవరికీ తెలియదు. బిర్యానీలో వాటా కూడా లేదు.

కనుమ నాడు జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ళ ప్రభలు వస్తాయి. గంగలకుర్రు వాళ్ళు ప్రభని భుజాల మీద మోస్తూ పచ్చని చేల మీదుగా, కౌశికలో దిగి, పీకల్లోతు నీళ్ళలోంచి ఒడ్డెక్కిస్తారు. అందులోనూ ఊపుంది, కేకలున్నాయి, మా ఊరి ప్రభ మీ ఊరి దానికన్నా మిన్న అనే పంతం ఉంది. కానీ చేను తొక్కిస్తున్న రైతు గట్టు మీద దండం పెట్టుకుని నిలబడతాడు. ఏటేటా తనే ఒప్పుకుని తొక్కిస్తాడు. స్కూలు ఆటోవాడు ఏ రోజు ఎవరికి ఒప్పుకున్నాడు?

కుర్రాళ్ళ మోజుని నేను తప్పుపట్టను. దాని రుచి నాకూ తెలుసు. మన మజిల్ కారు యమహా ఆర్‌ఎక్స్ 100. 1985లో వచ్చింది, 1996లో ఆగిపోయింది. ఇంజిను 98 సీసీ, శక్తి 11 హార్స్‌పవర్. కాయితం మీద చూస్తే నవ్వొస్తుంది. కానీ బండి బరువు నూరు కిలోల పైచిల్లర, అంతే. జీటీఓ వాళ్ళు పెద్ద ఇంజిను పెట్టి సాధించినదాన్ని యమహా వాళ్ళు ఒళ్ళు తగ్గించి సాధించారు. కిక్కు కొట్టగానే నీలం పొగ ఒక్క తెర లేస్తుంది, టూటీ ఆయిలు వాసన ముక్కుకి తగుల్తుంది, పిడికిలి కొంచెం తిప్పితే చాలు, ముందు చక్రం తేలికైపోయి చేతుల్లో బండి ఉందో లేదో తెలియదు. మజిల్ కార్లని 1970 నాటి కాలుష్య చట్టం, బీమా కంపెనీల వాతలు, 1973 చమురు కరువు కలిసి చంపాయి. ఆర్‌ఎక్స్‌నీ పొగ నిబంధనలే మింగేశాయి. చచ్చాక రెంటికీ ధర పెరిగింది. అమలాపురంలో పాత ఆర్‌ఎక్స్ దొరికితే, అప్పట్లో కొన్న ధరకి ఎన్నో రెట్లు పోసి పట్టుకుపోతారు. ఆ పేరుతోనే 2018లో సినిమా కూడా వచ్చింది. కథ జరిగేది మన ఆత్రేయపురంలోనే. పూతరేకుల ఊరికి ఆ బండి చప్పుడు కొత్తేమీ కాదు.

కుర్రాళ్ళని వదిలేసి వాళ్ళ నాన్నల దగ్గరికొద్దాం. కల్వర్టు మీద కూర్చునేవారిలో ఒకాయనకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు అమెరికాలో డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. "మావాడు మస్టాంగ్ తీశాడండీ" అని ఈయన వాట్సాప్‌లో బొమ్మ పెట్టుకున్నాడు. అందులో ఉన్నది నాలుగు సిలిండర్ల 2.3 లీటర్ల ఇంజినని ఆయనకి తెలియదు. తెలిసినా చెప్పడు. ఆ కారు వెడల్పే దాదాపు 1.9 మీటర్లు. దాన్ని మా ఊరి పుంతలోకి తెస్తే ఎదురొచ్చే కొబ్బరిడొక్కల ట్రాక్టరు వెనక్కి పోవాలి. ట్రాక్టరు పోదు. పెద్దవాడికి అక్కడ బీమా ప్రీమియం, పోలీసుల రాడారు భయం. పాపం, గీత దాటడు. చిన్నవాడు ఇక్కడ పదో తరగతి. "ఫస్టుక్లాసొస్తే బండి కొంటానని మాటిచ్చానండీ, మాట తప్పితే ఎలాగ?" అంటాడు తండ్రి. హరిశ్చంద్రుడి వంశం. పదిహేనేళ్ళవాడికి రెండొందల సీసీ బండి కొని మాట నిలబెట్టుకున్నాడు. ఆ బండి సైలెన్సర్లోంచి చిల్లుల గొట్టం పీకించడానికి మెకానిక్కుకి డబ్బిచ్చిందీ ఆయనే. మైనరు బండి నడిపితే తండ్రికి మూడేళ్ళ దాకా జైలు, 25 వేల జరిమానా అని మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ చెబుతోంది. "ఆ చట్టం ఊళ్ళో తెలిసినవాళ్ళు లేనివాళ్ళకండీ" అన్నాడాయన, నిదానంగా, చుట్ట ఆర్పుతూ.

అదీ అసలు ఇంజిను! వంతెన మీద ఎవరు ముందొచ్చారన్నది పందెమే కాదు. అసలు పందెం స్టేషను గేటు దగ్గర మొదలవుతుంది. ఎవరి నాన్న ఫోను ముందు మోగితే వాడు గెలిచినట్టు. దీనికి హార్స్‌పవర్ చాలదు, సిఫార్స్ పవర్ కావాలి. వార్డు మెంబరుది మోపెడ్ స్థాయి. బండి తాళం దాకా వస్తుంది, బండి రాదు. సర్పంచ్‌ది బుల్లెట్టు, చప్పుడు ఎక్కువ, వేగం తక్కువ. నాయకుడి పీఏ ఉన్నాడే, ఆయన 426 హెమీ. డెట్రాయిట్‌లో ఆ ఇంజినుకి 425 హార్స్‌పవర్ అని రాసేవారు, లోపల అంతకన్నా ఎక్కువే దాచారని తెలిసినవాళ్ళ మాట. కమారో జెడ్/28 అనే కారుకి 290 అని రాసి, అసలు సంగతి చెప్పకుండా నొక్కేశారు. పీఏ గారూ అంతే. ఫోనులో వినిపించేది నాలుగు ముక్కలు: "ఎస్సై గారూ, నమస్కారమండీ. మనోడేనండీ. ఏదో సరదా పడ్డాడు, ఆయ్." అందులో బెదిరింపు ఒక్క అక్షరం లేదు. ఆ ఊళ్ళో ఎస్సై గారు ఇంకెన్నాళ్ళుంటారన్న ప్రశ్న మాత్రం ఆ 'ఆయ్'లో మొత్తం ఉంది.

అప్పుడప్పుడు పోలీసులు పీకిన సైలెన్సర్లని రోడ్డు మీద వరసగా పరిచి, రోడ్డు రోలరు ఎక్కించి, ఫోటో తీయిస్తారు. చూడ్డానికి చాలా బాగుంటుంది. రోలరు కింద పెట్టాల్సిన ఫోనొకటి మిగిలిపోయిందని ఆ ఫోటోలో ఎవరికీ కనిపించదు. సైలెన్సరు పోయినవాడు మర్నాడు కొత్తది వేయించుకుంటాడు, ఇంకాస్త గట్టిది. ఫోను లేనివాడు, అంటే ఆ రోజు పిలియన్ మీద కూర్చున్న కూలీవాళ్ళబ్బాయి, జరిమానా కట్టి, కాగితం మీద సంతకం పెట్టి, నాన్న చేత చెంపదెబ్బ తిని ఇంటికెళతాడు. స్నేహపూర్వక పందెంలో స్నేహం ఎంతవరకో వాడికి ఆ రాత్రే తెలుస్తుంది.

ఇంతకీ చట్టం ఈ పందేల్ని పూర్తిగా కాదనలేదు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను చదవండి. రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోకుండా బహిరంగ ప్రదేశంలో పందెం వేస్తే మూడు నెలల దాకా జైలు లేదా 5 వేల దాకా జరిమానా, మళ్ళీ వేస్తే ఏడాది లేదా 10 వేలు. అంటే రాసి అడిగితే పోయేదానికి ఫోన్లెందుకు? కల్వర్టు పెద్దల కోరిక మీద అర్జీ నేనే రాసిపెట్టాను:

"మహారాజశ్రీ ప్రభుత్వము వారి సముఖమునకు, కోనసీమ వాస్తవ్యులగు తండ్రులు విన్నవించుకొను విజ్ఞాపన. అయ్యా, మా చిరంజీవులు ప్రతి ఆదివారము సాయంత్రము వంతెన మీద సరదాగా పరుగు పందెము వేయ తలచినారు. పందెములో ద్వేషభావము గాని, జూదము గాని లేదు. బిర్యానీ మాత్రము కలదు. పాల్గొను వారి పేర్లు, బండ్ల నంబర్లు, సిఫార్సు చేయు వారి ఫోను నంబర్లు ఇందు జతపరచడమైనది. అంబులెన్సు అవసరము రాదని మా నమ్మకము. వచ్చినచో అది వంతెన మీద పందెము ముగియు వరకు ఆగవలెనని ప్రార్థన. తమ విధేయులు."

అర్జీ పైకి వెళ్ళింది, తిరిగొచ్చింది. సెక్షను గుమాస్తా ఎర్ర సిరాతో ఒకే ఒక్క కొర్రీ వేశాడు: "పాల్గొను వారి జాబితా అసంపూర్ణము. ఎదురుగా వచ్చు వారి సంతకములు లేవు."