రెండంగుళాల ఎత్తు

సంతోష్‌నగర్‌లో ఉండేవాడికి బండి ఎత్తు పెంచాలంటే సాకు వెతుక్కునే పని లేదు. నల్గొండ క్రాస్‌రోడ్స్ నుంచి ఒవైసీ జంక్షన్ దాకా ఫ్లైఓవర్ కట్టడం మొదలయ్యాక సైదాబాద్, ఐ.ఎస్. సదన్ మీదుగా పోయే ప్రతివాడూ గుంటలు దాటి, గుట్టలెక్కి వచ్చినవాడే. మా ఆవిడకి నేను చెప్పిన కారణమూ అదే. అసలు కారణం వేరు. సిగ్నల్ దగ్గర పక్కన కొత్త థార్ వచ్చి ఆగితే, అందులో కుర్రాడి మోచెయ్యి నా తలకంటే పైన ఉంటోంది. నేనేమో అయిదడుగుల మూడంగుళాల మనిషిని. నన్ను సాగదీయడం ఏ ఉస్తాద్ వల్లా కాదు కనక బండిని లేపాలనుకున్నాను.

బండి పాత మారుతీ జిప్సీ. జిప్సీ 1985లో వచ్చింది, 1996లో 1300 సీసీ ఇంజన్‌తో జిప్సీ కింగ్ అయింది. 2019 నాటికి కంపెనీ మనలాంటివాళ్లకి అమ్మడం మానేసింది. ఈ చరిత్ర మా ఇంట్లో అడిగినా అడగకపోయినా చెబుతుంటాను. "మిలిటరీవాళ్లు ఏళ్ల తరబడి తిప్పిన బండి" అంటే, "వాళ్లకి మెడల్స్ ఇస్తరు, పింఛన్ ఇస్తరు. దీంట్ల కూసున్నందుకు మాకేమిస్తరు?" అంటుంది మా ఆవిడ. ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ లేదు. నిజానికి ఇది మట్టిరోడ్డు మొహం చూసిందీ లేదు. రైతుబజార్ దాకా వెళ్లి వంకాయలతో తిరిగొస్తుంది.

దీని కింద ముందూ వెనకా కమాన్ కట్టలే. పాతవి తీసి, ఎక్కువ వంపున్నవి పెడితే బండి రెండంగుళాలు లేస్తుంది. కొత్త కమాన్లు పార్సిల్‌లో వచ్చినరోజు, డెలివరీ కుర్రాడు పెట్టెను మోయలేక గేటు దగ్గరే దింపి కూలబడ్డాడు. "ఆఫీసు ఫైళ్లు" అన్నాను. మా ఆవిడ వేలితో పెట్టెను తడిమి, "ఫైళ్లకి గ్రీజు రాస్తరా?" అంది. ఇంటి లెక్కల పుస్తకంలో మాత్రం దీన్ని 'సర్వీసింగ్' పద్దు కింద రాసేశాను.

మా వీధికి ఇంకో సుగుణముంది. కంచన్‌బాగ్‌లో డీఎంఆర్ఎల్, మిధాని కూతవేటు దూరంలో ఉండటంతో, రాయి విసిరితే రిటైరైన లోహశాస్త్రజ్ఞుడికి తగులుతుంది. ఎదురింటి పెద్దాయన లుంగీలోనే వచ్చి కమాన్‌ని గోటితో టంగుమనిపించి చూశాడు. "సిలికాన్, మాంగనీస్ కలిపిన ఉక్కు. ఎర్రగా కాల్చి నూనెలో ముంచి, మళ్లీ తక్కువ వేడిలో పెడతారు. అందుకే వంగినా మళ్లీ లేస్తుంది. దీనికి గ్యాస్ మంట చూపించారో, ఆ గుణమంతా పోతుంది" అన్నాడు. సరిగ్గా ఆ క్షణంలోనే మా మెకానిక్ ఉస్తాద్, కమాన్ కొసని చాసిస్‌కి కలిపే షాకిల్‌లో తుప్పుపట్టి బిగుసుకుపోయిన పిన్‌ను కోయడానికి గ్యాస్ కట్టర్ వెలిగించాడు. పెద్దాయన కేకపెట్టాడు. ఉస్తాద్ కళ్లద్దాలు పైకి జరిపి, "సాబ్, యే తో కబాడ్ మే జానేవాలే పట్టే హై" అన్నాడు. తుక్కులోకి పోయే కమాన్‌కి ఏ గుణం పోతేనేం? పెద్దాయన ఒప్పుకోలేదు, వెళ్లనూ లేదు. సాయంత్రం దాకా అక్కడే కుర్చీ వేసుకుని, పాత యు బోల్టులు సాగిపోయి ఉంటాయి, మళ్లీ వాడొద్దనీ, బండి బరువు నేలమీద పడ్డాకే పిన్నులు బిగించాలనీ, లేకపోతే రబ్బరు బుష్‌లు మెలిపడి చిరిగిపోతాయనీ చెబుతూనే ఉన్నాడు. ఉస్తాద్ ప్రతిదానికీ "జీ సాబ్" అని, చేతులు మాత్రం తన పద్ధతిలో నడిపాడు. తర్వాత గమనిస్తే రెండు పద్ధతులూ ఒకటే.

అక్కడితో ఆగితే నేను నేను కాను. రెండంగుళాలు వచ్చేసరికి మూడోది కావాలనిపించింది. పొడుగు షాకిల్స్ కూడా వేయించాను. ఉస్తాద్ వద్దనలేదు. "ఆప్ కీ మర్జీ" అన్నాడు. హైదరాబాద్‌లో మెకానిక్ నోట ఆ మాట వస్తే పర్సు తీసి చూసుకోవాలి.

బండి తిన్నగా పోతుంటే స్టీరింగ్ మాత్రం చంపాపేట వైపు తిరిగి ఉంది. ఎందుకంటే స్టీరింగ్ బాక్స్ చాసిస్‌తోపాటు పైకి లేచింది, చక్రాలు నేలమీదే ఉండిపోయాయి. రెంటినీ కలిపే డ్రాగ్ లింక్ పొడవు మారలేదు. రాడ్డు ఏటవాలుగా వాలేసరికి చక్రాలు ఓ పక్కకి గుంజుకున్నాయి. అంతకంటే ఘోరం, కాస్త వేగం అందుకోగానే బండి రోడ్డంతా తనదే అన్నట్టు ఊగడం. జిప్సీలో షాకిల్ కమాన్‌కి ముందుకొసన ఉంటుంది. అది పొడుగైతే యాక్సిల్ తల ముందుకు వాలి, క్యాస్టర్ తగ్గిపోతుంది. మలుపు తిరిగాక స్టీరింగ్‌ని దానంతటది తిన్నగా తెచ్చే వాలు అదే. కంపెనీ ఇచ్చిందే మూడు నాలుగు డిగ్రీలు. అందులోంచి నేను ఎత్తు కోసం అప్పు తెచ్చుకున్నానన్నమాట.

ఓ వీల్ అలైన్‌మెంట్ షాపుకి తీసుకెళ్లాను. కంప్యూటర్ తెర మీద అన్నీ ఎరుపే. "క్యాంబర్, క్యాస్టర్ దీంట్ల తిప్పనీకి రాదు సార్, టో ఒక్కటే అయితది" అన్నాడు కుర్రాడు. బిల్లులో మాత్రం మూడూ ఉన్నాయి. బండి ఊగుతూనే ఇంటికొచ్చింది.

పై వాటాలో అద్దెకుండే లాయరుగారు సమయం చూసి దిగారు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదనీ, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పిందనీ మా ఆవిడ వినేలా చెప్పారు. "ఆర్సీలో కమాన్ ఎత్తు రాయరుగా" అన్నాను తెలివిగా. "పెళ్లిచూపులప్పుడు మీ ఎత్తు కూడా రాయలే" అంది మా ఆవిడ.

మర్నాడే ఉస్తాద్ కాళ్లమీద పడ్డాను. పొడుగు షాకిల్స్ తీసి పాతవి పెట్టాడు. డ్రాగ్ లింక్ లాక్‌నట్ వదులుచేసి, రాడ్డుని కాస్త పొడిగించి, స్టీరింగ్‌ని నడిమికి తెచ్చాడు. ముందు టైర్ల మీద సుద్దముక్కతో గీతలు గీసి, టేపు పట్టి టైర్ల మధ్య దూరం ముందువైపు ఓసారి, వెనకవైపు ఓసారి కొలిచి, ముందువైపు కొన్ని మిల్లీమీటర్లు తక్కువ వచ్చేదాకా టై రాడ్ తిప్పాడు. సుద్దముక్క నా జేబులోంచే తీసుకున్నాడు. నేను బడిపంతుల్ని మరి.

అన్నిటికంటే నేను భయపడింది అమ్మ గురించి. "గింత ఎత్తుకు నన్నెట్ల ఎక్కిస్తవ్ బిడ్డా" అని మొదటిరోజే గేటు పట్టుకుని నిలబడిపోయింది. పూజగదిలో పీట తెచ్చి వేసి, కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికని బతిమాలి ఎక్కించాం. ముందు సీట్లో కూర్చుంది. వీధి మలుపు తిరిగేలోపే అమ్మ మెడ అటూ ఇటూ ఆడటం మొదలైంది. ప్రహరీగోడల మీంచి అందరి వరండాలూ కనిపిస్తున్నాయి. ఎవరింట్లో అప్పడాలు ఆరబెట్టారో, ఎవరి కోడలు ఫోన్లో ఉందో, గుడి వచ్చేలోగా మొత్తం సమాచారం అందింది. ఇప్పుడు రోజూ సాయంత్రం అయిదయ్యేసరికి పీట తనే తెచ్చి గేటు దగ్గర పెడుతోంది.

వెనక సీట్లోకి మారాల్సి వచ్చిన మా ఆవిడ నిన్న నన్ను పక్కకి పిలిచింది. "ఆ పొడుగు షాకిల్స్ యాడ పెట్టిన్రు? అత్తమ్మ అడుగుతున్నరు."