పేరు నికాన్‌ది, ఒళ్లు కోసినాది

పుట్టుక గురించి అడిగితే ఆ కెమెరా కాస్త గునుస్తుంది. నుదుటి మీద నికాన్ అని ఉంటుంది, పక్కన ఎఫ్ఎం10 అని. 1995లో బజారులోకొచ్చిన ఆ మోడల్‌ను నిజానికి తయారుచేసింది జపాన్‌లోనే మరో కంపెనీ, కోసినా. "దత్తు పోవడం మీ ఇళ్లలో లేదేటి?" అని ఒక్క ముక్కలో తేల్చేసి అచ్యుతాపురం కథలోకి వచ్చేస్తుంది. అది బతికింది అక్కడే.

యజమాని అనకాపల్లి బెల్లం మార్కెట్లో గుమస్తా. వారమంతా దిమ్మల లెక్క, ఆదివారం తెల్లారితే కొండకర్ల ఆవ. మన రాష్ట్రంలో కొల్లేరు తర్వాత పెద్ద మంచినీటి సరస్సు అదేనంటారు. తాటిమాను తొలిచిన దోనెలు రెండు పక్కపక్కన చేర్చి కడితే అక్కడ పడవ. మనిషి కదిలితే అదీ కదులుతుంది. అందులో గొంతుక్కూర్చుని, మోచేతులు మోకాళ్లకు ఆనించి, ఊపిరి బిగబట్టి ఆయన జంబుకోళ్ల కోసం కాచుకునేవాడు.

లెన్సు చూస్తే 35-70. పక్షులకు అది ఏ మూలకి? నత్తగుల్ల కొంగ ముక్కు మూసుకున్నా మధ్యలో సందు ఉంటుంది. ఆ సందు పట్టాలని ఆయన పడని పాటు లేదు. ఫొటోలు కడిగించి తెస్తే ఆవలో కొంగ ఆవగింజంత. "పిట్టేదండీ ఇందులో?" అని భార్య అడిగితే వేలుపెట్టి చూపించేవాడు. కెమెరాకు అప్పుడు పాపం సిగ్గేసేది. కానీ దోనె తామరాకు పక్కగా జారినప్పుడు దాని రోజు వచ్చేది. ఆకు మీద నీటిబొట్టు, ఆ బొట్టులో తలకిందులైన ఆకాశం. ఆ ఫొటో ఇప్పటికీ హాల్లో పటం కట్టి ఉంది. పొగరంటారా? పొగరే.

రీలుకు 36 ఫొటోలు. ప్రతి నొక్కుడికీ డబ్బే కాబట్టి వేలు ఊరికే దిగేది కాదు.

అదే సంచిలో వాక్‌మన్ ఉండేది. దానిమీద కెమెరాకు సవతిపోరు. ఒడ్డుకొచ్చాక ఆయన చెవులకు తగిలించుకునేది దాన్నే, ఎక్కువగా 'సాగర సంగమం' క్యాసెట్టు. ఆ పాటలకు ఇళయరాజాకూ, బాలసుబ్రహ్మణ్యానికీ జాతీయ అవార్డులు వచ్చాయి. కెమెరాకు మాత్రం ఆ సినిమా పేరెత్తితే గుర్తొచ్చేది వేరు: కమల్‌హాసన్ నాట్యం చేస్తుంటే ఫొటో తీయలేక నానా తంటాలు పడే కుర్రాడు. "తప్పు వాడిది, అప్రదిష్ట మా జాతిది" అంటుంది. ఇంకో కడుపుమంట, బ్యాటరీలది. వాక్‌మన్‌కు మాటిమాటికీ కొత్తవి. తనకు గుండీల్లాంటివి రెండు చాలు, అవీ వెలుతురు కొలవడానికే. అవి చచ్చినా షట్టర్ ఠక్కుమంటుంది. ఇంత పొదుపరిని ఎవరు మెచ్చుకున్నారు?

తర్వాత ఫోన్లొచ్చాయి. కెమెరాను పారేశారా అంటే పారెయ్యలేదు. దాని ఏడుపంతా అక్కడే. ప్రేమగా తోలు కేసులో పెట్టి, బీరువా పై అరలో పట్టుచీరల పక్కన దాచారు. పూడిమడక సముద్రం దగ్గరే, గాలిలో ఉప్పూ తేమా ఎప్పుడూ ఉంటాయి. తోలు ఆ తేమను పీల్చుకుని వదలదు. చీకటి, చెమ్మ, కదలిక లేని గాలి: బూజుకు ఇంకేం కావాలి? లెన్సు లోపల అద్దం అంచున తెల్లటి పోగులా మొదలై నడిమికి పాకింది. అది వదిలే ఆమ్లం అద్దం మీది పూతను తినేస్తుంది. ఆనక శుభ్రం చేయించినా మచ్చ మిగలొచ్చు. బయట కోడాక్ 2012లో దివాలా పిటిషన్ వేసింది. 2022 ఏప్రిల్ 4న ఊరే విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాకు మారింది. 2024లో పెంటాక్స్ మళ్లీ కొత్తగా ఫిల్ము కెమెరా తెచ్చింది. వీటిలో ఒక్కటీ బీరువా దాకా రాలేదు.

ఒక సెలవుల్లో మనవడు దించాడు. "తాతా, దీనికి స్క్రీనేదీ?" అంటూ అటూఇటూ తిప్పి, ఎడమ వైపు గుండీని పైకి లాగాడు. వెనక మూత తెరుచుకుంది. లోపల రీలు! లెక్కముల్లు 22 దగ్గర ఉన్నది మూత తెరవగానే మొదటికి జారిపోయింది. పైచుట్ల మీద ఎండ పడింది. ఆఖరి ఆదివారం ఆవలో తీసిన ఫొటోలవి. ముసలాయన గబుక్కున మూత మూశాడు గానీ, ఏం లాభం?

కుర్రాడి మీద కెమెరాకు కోపం లేదు. వాడికేం తెలుసు? రీలున్న సంగతే మరిచి తాళం వేసిన మనిషి మీద మాత్రం ఉంది.

మీ ఇంట్లో కూడా పాత రీలు కెమెరా ఉంటే ఒకసారి దించండి. తోలు కేసు తీసేయండి, బ్యాటరీలు బయట పెట్టండి, పొడి డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. అన్నిటికంటే ముందు, మూత తెరవకుండా, రీలు వెనక్కి చుట్టే పిడిని బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పి చూడండి. బిగుసుకుంటే లోపల ఫిల్ముంది. అప్పుడిక మూత జోలికి పోకండి, చుట్టేశాక కడిగించండి.